పది కాయల్లో పురుగు కనిపించకపోతే మందు మానేయొచ్చా?

ప్రశ్న: మూడెకరాల్లో పత్తి పెట్టాను. ఒడ్డు పక్కన పది పచ్చికాయలు పగలగొట్టి చూస్తే ఒక్కదాంట్లోనూ గులాబీ రంగు పురుగు లేదు. పక్క చేనువాళ్లు మందు కొడుతున్నారు. నేను ఊరుకోవచ్చా?
– ఒక రైతు, పరకాల, హనుమకొండ జిల్లా

జవాబు: ఊరుకోవద్దు. అలాగని పక్కవాళ్లను చూసి ఇవాళే మందు కొట్టనూ వద్దు. మీరు చూసిన కాయలు చాలవు.

నూటికి పది పచ్చికాయల్లో బతికున్న పురుగు ఉంటే మందు కొట్టాలి. సరిగ్గా అంత పురుగున్న చేలో కూడా, పది కాయలు తెంపితే పదీ శుభ్రంగా ఉండే అవకాశం నూటికి 35. ఇరవై చూస్తే అది 12కు, ముప్పై చూస్తే 4కు దిగుతుంది. మీ పది కాయలతో ధైర్యం చెప్పలేం.

అరవై కాయలు చూడండి. చేనంతా అడ్డదిడ్డంగా నడుస్తూ చెట్టుకు ఒక్కటే తెంపాలి. ఒకే చెట్టువి నాలుగు తెంపితే అవి నాలుగు లెక్కలు కావు. ఒడ్డు సాళ్లను నమ్ముకోవద్దు. 10–20 రోజుల వయసున్న మెత్తటి కాయలే కావాలి. పిల్లపురుగు దూరిన రంధ్రం పూడిపోతుంది కాబట్టి పైకి నున్నగా ఉన్న కాయనూ పగలగొట్టాల్సిందే. చిన్న పురుగు తెల్లగా ఉంటుంది, గులాబీ రంగు తర్వాత వస్తుంది. రంగు కోసం వెతికితే తప్పిపోతుంది. ఒక కాయలో రెండు పురుగులున్నా ఒక కాయగానే లెక్కించండి.

అరవైలో ఆరు లేదా అంతకు మించి వస్తే ఆలస్యం చేయకుండా లీటరు నీటికి ప్రొఫెనోఫాస్ 2 మి.లీ. లేదా థయోడికార్బ్ 1.5 గ్రా. కలిపి కొట్టండి. కాయలోకి దూరిన పురుగుకు మందు అందదు. అప్పుడే గుడ్డులోంచి బయటికొచ్చిన పిల్లపురుగులకే తగులుతుంది. సున్నా నుంచి రెండు వస్తే ఈ వారం ఆగండి; నూటికి పది ఉన్న చేలో ఇంత తక్కువ కనిపించేది సుమారు నూటికి 5 సార్లే. మూడు నుంచి ఐదు వస్తేనే చిక్కు. అప్పుడు ఇంకో నలభై తెంపి, మొత్తం వందలో పది లేదా అంతకు మించి వచ్చాయేమో చూడండి. లింగాకర్షక బుట్టలుంటే (ఆడపురుగు వాసనతో మగ రెక్కల పురుగులను రప్పించి పట్టేవి), బుట్టకు రోజుకు 8 రెక్కల పురుగుల చొప్పున వరుసగా మూడు రోజులు పడటం కూడా మందు కొట్టాలనడానికి గుర్తే.

ఈ వారం లెక్క వచ్చే వారానికి పనికిరాదు, మళ్లీ కొత్త కాయలు తెంపాలి. మూడెకరాల్లో కొంత ముందు, కొంత వెనక విత్తి ఉంటే రెండింటినీ కలపకుండా దేని అరవై దానికే చూడండి.