ఎస్‌టీపీ ఆపరేటర్ సర్టిఫికెట్: లెక్కలంటే భయం, ఎలా?

ప్రశ్న: డిప్లొమా చేసి ఏడాదిగా ఒక ఎస్‌టీపీలో (మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంట్) హెల్పర్‌గా ఉన్నాను. చెత్తని ఆపే స్క్రీన్లు (జాలీలు) క్లీన్ చేయడం, మోటార్లు ఆన్ ఆఫ్ చేయడం, లాగ్ బుక్‌లో రీడింగులు రాయడం, ఇంతే నా పని. ఆపరేటర్ సర్టిఫికెట్ పరీక్ష రాద్దామంటే లెక్కలంటే భయం. సీనియర్లేమో "పుస్తకాలు చదివితే ప్లాంట్ నడుస్తుందా" అని నవ్వుతున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలండీ?

జవాబు: వాళ్లని నవ్వనివ్వండి, కానీ వాళ్ల దగ్గర నేర్చుకోవడం మాత్రం మానకండి. రూల్స్ ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి గానీ చాలా చోట్ల సర్టిఫికెట్‌కి గ్రేడ్లుంటాయి, కింది గ్రేడ్ నుంచి పైకి పోవాలంటే పరీక్షతో పాటు ప్లాంట్‌లో పనిచేసిన కాలం కూడా చూస్తారు, కాబట్టి మీ ఏడాది లెక్కలోకి వస్తుందేమో కనుక్కుని, దానికి సంతకం పెట్టించిన కాగితం ఇప్పుడే తీస్కోండి, ఉద్యోగం మారాక అడిగితే చెప్పులరిగేలా తిరగాలి.

ఇక లెక్కలు. నేను మొదటిసారి పరీక్ష తప్పింది లెక్కలు రాక కాదు, రోజుకి ఇచ్చిన ఫ్లోని గంటకి అనుకుని చేసేశా, అలా నాలుగు ప్రశ్నలు పోయాయి! ఆప్షన్లలో నా తప్పు జవాబు కూడా ఉంది మరి, పేపర్ సెట్ చేసేవాళ్లకి మన తప్పులు ముందే తెలుసు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, లీటరుకి మిల్లీగ్రాము అన్నా క్యూబిక్ మీటరుకి గ్రాము అన్నా ఒకటే. అందుకే ఎంఎల్‌డీని, అంటే రోజుకి వచ్చే మిలియన్ లీటర్లని, లీటరుకి మిల్లీగ్రాములతో గుణిస్తే నేరుగా రోజుకి కిలోలు వచ్చేస్తాయి.

మీ ఏరేషన్ ట్యాంక్‌కి (మురుగులోకి గాలి పంపే ట్యాంక్) 2 ఎంఎల్‌డీ వస్తోంది, బీఓడీ, అంటే మురుగులోని కుళ్లే పదార్థాన్ని తినడానికి సూక్ష్మజీవులకి కావాల్సిన ఆక్సిజన్, లీటరుకి 250 మిల్లీగ్రాములు అనుకోండి, అంటే రోజుకి 500 కిలోల మేత. ట్యాంక్ 500 క్యూబిక్ మీటర్లు, ఎంఎల్‌ఎస్‌ఎస్, అంటే ఆ ట్యాంక్ నీళ్లలో తేలే బురద, లీటరుకి 3000 మిల్లీగ్రాములు అయితే లోపల మేత తినే సూక్ష్మజీవుల బురద 1500 కిలోలు. 500ని 1500తో భాగిస్తే 0.33, ఇదే ఎఫ్ బై ఎం, ఎంత మేతకి ఎన్ని నోళ్లు ఉన్నాయన్నమాట. మామూలు యాక్టివేటెడ్ స్లడ్జ్ ప్లాంట్‌కి ఇది బానే ఉన్నట్టు. పేపర్లో వోలటైల్ సాలిడ్స్ (బురదలో కాల్చితే పోయే భాగం) విడిగా ఇచ్చారంటే మాత్రం 3000 కాదు, అది వాడాలి, బతికున్న నోళ్లకి అదే దగ్గరి లెక్క. ఇలాంటివి రోజుకి రెండు మీ సొంత ప్లాంట్ అంకెలతోనే చెయ్యండి, భయం అదే పోతుంది.

అసలు మీకు చెప్పాలనుకున్నది జార్ గురించి. ఏరేషన్ ట్యాంక్ నీళ్లు లీటరు జార్‌లో పోసి 30 నిమిషాలు కదపకుండా పెడతారు చూడండి, చాలామంది హెల్పర్లు జార్ పెట్టేసి టీకి పోయి వచ్చి నంబర్ రాసేస్తారు. మీరు పోకండి, మొదటి ఐదు నిమిషాలు దాని ముందే నిలబడండి. మంచి బురదైతే ముద్దలు ముద్దలుగా కట్టి, మధ్యలో గీత గీసినట్టు పైన తేట నీళ్లు వదిలేసి దిగుతుంది. 30 నిమిషాలకి 250 మిల్లీలీటర్ల దగ్గర ఆగింది, ఎంఎల్‌ఎస్‌ఎస్ 2500 అనుకోండి, 250ని 1000తో గుణించి 2500తో భాగిస్తే ఎస్‌వీఐ (ఒక గ్రాము బురద దిగాక ఆక్రమించే మిల్లీలీటర్లు) 100, హాయిగా పడుకోవచ్చు. అదే 600 దగ్గర ఆగితే 240, అప్పుడు ఇంకో జార్‌లో సగం ఆ నీళ్లు, సగం క్లారిఫయర్ (బురద అడుగుకి దిగే ట్యాంక్) దాటిన తేట నీళ్లు కలిపి మళ్లీ పెట్టండి. ఈసారి చకచకా దిగితే బురద మరీ ఎక్కువైపోయింది, వేస్టింగ్ (మిగులు బురదని బయటికి తీసెయ్యడం) పెంచాలి. అప్పుడూ దిగకపోతే దారాల్లాంటి బ్యాక్టీరియా పెరిగిందేమో, ఆక్సిజన్ తక్కువైందా, మేత తక్కువైందా అని వెతకాలి.

ఇంకోటి ఉంది, చక్కగా దిగిన బురద ఒక్కోసారి గంట రెండు గంటలకి ముద్దగా పైకి లేస్తుంది, కంగారు పడి గాలి పంపే బ్లోయర్ పెంచకండి, పుల్లతో కదిపి చూడండి, బుడగలు పోయి మళ్లీ మునిగితే అది నైట్రేట్ నుంచి వచ్చిన నైట్రోజన్ గ్యాస్, క్లారిఫయర్‌లో బురద ఎక్కువసేపు ఉండిపోతోందని అర్థం. పరీక్షలో ఈ జార్ కథనే నాలుగు రకాలుగా తిప్పి అడుగుతారు.

అన్నట్టు 1914లో మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు ఈ యాక్టివేటెడ్ స్లడ్జ్ పద్ధతిని బయటపెట్టింది కూడా ఇలా సీసాల ముందు కూర్చునే. మురుగులోకి గాలి పంపి, అడుగున మిగిలిన బురదని పారెయ్యకుండా దాని మీదే మళ్లీ కొత్త మురుగు పోసి చూశారు. మీ రిటర్న్ స్లడ్జ్ పంపు ఇప్పుడు చేసేదీ అదేగా.

పంపులు, వాల్వులు, క్లోరిన్ చాప్టర్లు మీకు చేతిలో ఉన్నవే, వాటికి పెద్దగా టైమ్ పెట్టక్కర్లేదు.

ప్రశ్న: మా ఆయన ఈ ప్లాంట్ పనిలో చేరారు. రోగాలేమైనా ఇంటికొస్తాయా? మ్యాన్‌హోల్ గ్యాస్ గురించి వింటే గుండె దడగా ఉంటోంది.

జవాబు: రోగాల సంగతి చేతుల్లోనే ఉందమ్మా, గ్లౌజులు, తినేముందు సబ్బుతో కడుక్కోవడం, డ్యూటీ బట్టలు ఇంటి బట్టలతో కలపకపోవడం, టెటనస్ టీకా వేసుంచడం, మిగతా టీకాలు డాక్టర్‌ని అడగండి. గ్యాస్ విషయంలో మీ భయం మాత్రం న్యాయమైనదే. హైడ్రోజన్ సల్ఫైడ్ మొదట కుళ్లిన గుడ్డు వాసన కొడుతుంది, 100 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకి 100 భాగాలు) దాకా వెళ్తే ముక్కే మొద్దుబారిపోతుంది, వాసన పోయింది కదా అని దిగినవాడు మళ్లీ పైకి రాడు, వాణ్ని లాగడానికి దిగిన రెండోవాడు కూడా అక్కడే పడిపోతాడు. అందుకే దిగేముందు మీటర్‌తో ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గలేదని, తర్వాత మండే గ్యాస్, ఆ తర్వాత విషవాయువు, ఈ వరసలో చూడాలి, పైన ఒక మనిషి తాడు పట్టుకుని ఉండాలి, ఆ మనిషి ఏమైనా సరే లోపలికి దిగకూడదు. ఇవాళ ఆయన ఇంటికొచ్చాక అడగండి, మీ దగ్గర గ్యాస్ మీటర్ ఉందా, ఉంటే చార్జింగ్‌లో పెట్టారా, బీరువాలో పెట్టి తాళం వేశారా అని.