తేనెటీగ వాసన ఎలా పసిగడుతుంది?

ప్రశ్న: మా మేడ పక్కనున్న మునగచెట్టు పూతకు వచ్చే తేనెటీగలు తలమీది మీసాల వంటి వాటిని అటూ ఇటూ కదిలిస్తూ, మధ్యమధ్య ముందుకాళ్లతో తుడుచుకుంటూ కనిపిస్తాయి. అవి వాసన చూసేది వాటితోనేనా? ఒక ఈగ కుట్టగానే మిగిలినవీ మీదికి రావడానికి కూడా వాసనే కారణమా?
- ఒక పాఠకురాలు, సీతమ్మధార, విశాఖపట్నం

జవాబు: రెండింటికీ ఔననే సమాధానం. మీరు చూసినవి స్పర్శశృంగాలు. వాసనతో పాటు స్పర్శను, రుచిని, గాలిలోని తేమను కూడా ఇవి గ్రహిస్తాయి. ఐరోపా జాతి కూలి ఈగలో (మకరందం, పుప్పొడి తెచ్చే ఆడ ఈగలో) ఒక్కో శృంగం మీద అతి సన్నని రంధ్రాలున్న పలకలు సుమారు 3,000 ఉంటాయి. గాలిలోని వాసన అణువులు ఆ రంధ్రాల గుండా లోపలికి చేరి, నాడీకణాల మీది గ్రాహకాలను తాకినప్పుడు విద్యుత్ సంకేతం పుడుతుంది. శృంగానికి పుప్పొడి, దుమ్ము పడితే ఈ పని కుంటుపడుతుంది కనుక, ముందుకాలి మీద వెంట్రుకలతో కూడిన ఒక గంటులో దాన్ని ఇమిడ్చి ఈగ శుభ్రం చేసుకుంటుంది.

తేనెటీగ జన్యుపటం 2006లో వెలువడినప్పుడు, రుచి గ్రాహకాలకు 10 జన్యువులే కనిపించగా వాసన గ్రాహకాలకు సుమారు 170 కనిపించాయి. ఈ ఒక్క తేడా చాలు, దాని జీవితంలో వాసనకు ఎంత చోటుందో తెలియడానికి. సంకేతాలు మెదడులోని సుమారు 160 నాడీ గుళికలకు, అంటే నాడీతంతువుల కొసలు కలిసే చిన్న ఉండలకు, చేరతాయి. యాభై ఆరు అక్షరాలతో భాషంతా రాసుకున్నట్లు, ఏయే గుళికలు ఎంతెంత స్పందించాయన్న కూర్పుతో ఈగ లెక్కలేనన్ని వాసనలను వేరుచేస్తుంది.

శృంగాలు రెండుండటం దిక్కు తెలుసుకోవడానికీ పనికివస్తుంది. వాసన ఎక్కువగా తగిలిన వైపుకు ఈగ తిరుగుతుంది. 1960లలో జరిగిన ప్రయోగాలలో శృంగాలను ఒకదాని మీదుగా మరొకటి అడ్డంగా అతికించినప్పుడు అది వ్యతిరేక వైపుకు తిరిగింది.

అయితే నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచేది దాని నేర్పు. పంచదార నీరు శృంగానికి తగిలితే ఈగ నాలుక చాస్తుంది. ప్రతిసారీ దానికి ముందు ఒక వాసన చూపితే, కొద్దిసార్లలోనే ఆ వాసనకే నాలుక చాచడం మొదలుపెడుతుంది. మన అరకులో పండే కాఫీ పూల మకరందంలో కొద్దిగా కెఫీన్ ఉంటుంది. అంత కెఫీన్ కలిపిన తీపితో వాసన నేర్చుకున్న ఈగలు, కెఫీన్ లేకుండా నేర్చుకున్న వాటికంటే మర్నాడు దాన్ని మూడింతలు ఎక్కువగా గుర్తుపట్టాయని 2013లో వెలువడిన పరిశోధన తెలిపింది. పూతలో ఉన్న చెట్టుకు పురుగుమందు కొట్టవద్దని ఇక్కడే గట్టిగా కోరుతున్నాను, ఎందుకంటే ఇమిడాక్లోప్రిడ్ వంటివి ఈగను చంపని మోతాదులో సైతం ఈ నేర్పును దెబ్బతీయగలవు.

ఇక కుట్టడం సంగతి. ముల్లు దిగిన చోట పండిన అరటిపండు వాసన గల ఐసోపెంటైల్ ఎసిటేట్ అనే రసాయనం విడుదలై, మిగతా ఈగలను రెచ్చగొడుతుంది. కాబట్టి అక్కడ నిలబడి చేతులు విసరకుండా వెంటనే గదిలోకి వెళ్లి, ముల్లును ఆలస్యం చేయక గోటితో గీకి తీసి, ఆ చోటును సబ్బుతో కడగాలి. తేనె తీసేవారు పొగ పెట్టడంలోని కీలకాలలో ఒకటి కూడా ఇదే: పొగ తగిలిన శృంగాలకు ఈ హెచ్చరిక వాసన సరిగా అందదు. ఆ మాంద్యం పది, ఇరవై నిమిషాలలో తొలగిపోతుంది.