ప్రింట్ వస్తోంది, జిరాక్స్ వస్తోంది, స్కాన్ మాత్రం రావట్లేదు!

ప్రశ్న: ఇంట్లోకి ఆల్ ఇన్ వన్ ప్రింటర్ కొన్నాం. ప్రింట్, జిరాక్స్ ఓకే. స్కాన్ బటన్ నొక్కితే మాత్రం కంప్యూటర్ దొరకలేదంటోంది. అమ్మాయి బ్యాంక్ ఎగ్జామ్ అప్లికేషన్‌కి ఫొటో, సంతకం పెట్టాలి, పాత పెళ్లి ఫొటోలు కూడా ఎక్కించుకోవాలి. ఎలా? - ఖమ్మం నుంచి ఒక పాఠకుడు

జిరాక్స్‌కి అసలు కంప్యూటర్‌తో పనే లేదండీ, అందుకే అది వస్తోంది. ప్రింటర్ మీద బటన్ నొక్కి కంప్యూటర్‌కి పంపాలంటే చాలా మోడల్స్‌లో ఆ కంపెనీ స్కాన్ సాఫ్ట్‌వేర్ మీ సిస్టమ్‌లో ఉండాలి, ఊరికే ఉంటే కాదు ఆన్‌లో ఉండాలి కూడా. మనమేమో విండోస్ తనంతట తానే వేసుకున్న డ్రైవర్‌తో (ప్రింటర్‌ని నడిపే చిన్న సాఫ్ట్‌వేర్) ప్రింట్ వచ్చేస్తోంది కదా అని అక్కడితో వదిలేస్తాం. కంపెనీ సైట్‌లో మీ మోడల్ నంబర్ కొట్టి ఫుల్ ప్యాకేజీ దించుకోండి. వైఫై అయితే ప్రింటర్, కంప్యూటర్ రెండూ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయో లేదో చూడండి, ఒకటి గెస్ట్ వైఫైలో ఉంటే ఒకదానికొకటి కనపడకపోవచ్చు.

నన్నడిగితే ఆ బటన్ జోలికే వెళ్లొద్దు. విండోస్‌లో మైక్రోసాఫ్ట్ వాళ్ల స్కాన్ యాప్ గానీ, ఫ్రీగా దొరికే నాప్స్2 గానీ, మ్యాక్ అయితే ఇమేజ్ క్యాప్చర్ గానీ ఓపెన్ చేసి అక్కడి నుంచే స్కాన్ కొట్టండి. ముందే ప్రివ్యూ కనిపిస్తుంది, కావాల్సినంత ముక్కే సెలెక్ట్ చేసుకోవచ్చు, సైజు కూడా మన చేతిలో ఉంటుంది.

ఆ సైజు దగ్గరే చాలామంది బోల్తా పడతారు. ఏ4 కాగితం 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల చొప్పున, 2480 బై 3508 పిక్సెళ్లు, కలర్‌లో కంప్రెస్ చేయకపోతే దాదాపు 26 ఎంబీ. 600 పెడితే రెట్టింపు కాదు, నాలుగు రెట్లు! మార్కుల మెమోలకి, పాస్‌బుక్‌లకి 300 చాలు, పీడీఎఫ్‌గా సేవ్ చేసుకోండి. పెళ్లి ఫొటోలకి మాత్రం 600 పెట్టండి, తర్వాత పెద్దగా ప్రింట్ వేయించుకోవచ్చు. అద్దం మెత్తటి పొడిగుడ్డతో తుడిచాకే మొదలెట్టండి, ఒక్క దుమ్ము రేణువు పడినా ప్రతి ఫొటోలోనూ అదే చోట మచ్చ వస్తుంది. పైన కాగితాలు లాక్కునే ఫీడర్ ఉంటే అందులో పాత ఫొటోలు అస్సలు పెట్టకండి, నలిగితే పోయినట్టే. ఫిల్మ్ నెగెటివ్‌లు మామూలు స్కానర్‌లో సరిగా రావు, వాటికి వెనక నుంచి లైట్ పడాలి.

ఇక అప్లికేషన్ సంగతి. బ్యాంక్ ఉద్యోగాల పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ వాళ్లు ఫొటో 20-50 కేబీ, సంతకం 10-20 కేబీ అడుగుతుంటారు, అయినా ఈసారి నోటిఫికేషన్‌లో ఎంత ఇచ్చారో ఒకసారి చూసుకోండి. తెల్ల కాగితం మీద నల్ల ఇంకుతో సంతకం చేయించి, 200 డీపీఐలో స్కాన్ చేసి, సంతకం వరకే కత్తిరించి, పెయింట్‌లో రీసైజ్ చేసి జేపీజీగా సేవ్ చేస్తే చాలు. క్యాపిటల్ లెటర్స్‌లో సంతకం మాత్రం ఒప్పుకోరు.

ప్రశ్న: తెలుగు టైపింగ్ కాగితం స్కాన్ చేశా, అక్షరాలు మార్చుదామంటే మారట్లేదు!

స్కాన్ అంటే బొమ్మే కదండీ, అందులో అక్షరాలుండవు. ఆ ఫైల్‌ని గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, రైట్ క్లిక్ చేసి గూగుల్ డాక్స్‌తో ఓపెన్ చేయండి, తెలుగు కూడా చదివి టెక్స్ట్‌గా ఇస్తుంది. ఒత్తుల దగ్గర తడబడుతుంది, అసలు కాగితం పక్కన పెట్టుకుని సరిచూసుకోండి.