మోటార్ లేకుండా జెల్ తనంతట తాను కదులుతుందా?

కరెంటు, మోటార్ ఏమీ లేకుండానే జెల్ ముక్క కదులుతుందంటున్నారు, నిజమేనా, దాంతో రోబో చేయొచ్చా అని అడిగారు. నిజమే, కదులుతుంది. పీహెచ్‌డీలో నేను పనిచేసింది వీటి మీదే.

1996లో జపాన్‌లో ర్యో యోషిదా అనే శాస్త్రవేత్త బృందం ఈ రకం జెల్ తయారుచేసింది. ఎన్-ఐసోప్రొపైల్ ఆక్రిలమైడ్ పాలిమర్‌కి రుథేనియం అనే లోహపు ఉత్ప్రేరకాన్ని అతికించి, మాలోనిక్ ఆమ్లం, సోడియం బ్రోమేట్, నైట్రిక్ ఆమ్లం ఉన్న ద్రావణంలో వేస్తారు. అక్కడ జరిగేది బెలౌసోవ్-జబోటిన్‌స్కీ చర్య, అంటే ఒక్కసారి జరిగి ఆగిపోకుండా ముందుకీ వెనక్కీ ఊగిసలాడే రసాయన చర్య (1950లలో సోవియట్ శాస్త్రవేత్త బెలౌసోవ్ దీని గురించి రాసి పంపితే, చర్య అలా ఊగిసలాడే అవకాశమే లేదని పత్రికలు తిప్పి పంపాయి, పాపం). రుథేనియం ఆక్సీకరణ చెందినప్పుడు జెల్ నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది, తిరిగి మొదటి స్థితికి రాగానే ముడుచుకుంటుంది, ద్రావణంలో ఇంధనం ఉన్నంతసేపూ ఇదే వరస.

మైక్రోస్కోప్ కింద చూడాలి అసలు! నారింజ రంగు జెల్ పట్టీలో ఒక కొస నుంచి ఆకుపచ్చ చార (రుథేనియం ఆక్సీకరణ చెందిన చోటు) బయల్దేరి రెండో కొసకి పాకుతుంది, అది పోయేలోపు వెనక ఇంకోటి మొదలవుతుంది, అంచులకి కార్బన్ డయాక్సైడ్ బుడగలు అంటుకుంటాయి. బయట నుంచి ఎవరూ స్విచ్ వేయడం లేదు, ఆ లయ జెల్ లోపలిదే. నాకు ఎన్నిసార్లు చూసినా తనివి తీరేది కాదు. 2007లో ఇదే బృందం పట్టీ రెండు వైపులా కూర్పు వేరుగా ఉండేలా చేసి రంపపు పళ్ల లాంటి నేల మీద పెడితే, వంగుతూ చాచుకుంటూ గొంగళిపురుగులా ముందుకు నడిచింది.

ఇక రోబో సంగతి. బరువులెత్తే చెయ్యి దీంతో చేద్దామంటే నేను వద్దనే చెప్తాను. బలం తక్కువ, వేగం తక్కువ, పైగా ఆమ్లంలో మునిగి ఉండాలి. జెల్ మందం రెట్టింపైతే ఉబ్బడానికి పట్టే సమయం దాదాపు నాలుగింతలవుతుంది, అందుకే పెద్దవి చేస్తే కదలిక కనిపించదు. సన్నటి గొట్టాల్లో ద్రవాన్ని, రేణువుల్ని మెల్లగా తోసే పనికైతే మాత్రం ఇది భలే సరిపోతుంది, నా ఆశంతా అక్కడే.

మీ కాలేజీలో మొదలుపెట్టాలంటే రుథేనియం జోలికి పోకండి, ఖరీదు. ముందు జెల్ లేకుండా ఇదే చర్యని పెట్రీ డిష్‌లో ఫెర్రాయిన్‌తో (ఇనుము ఉన్న, రంగు మారే ఉత్ప్రేరకం) చేయండి, ఎర్రటి ద్రావణంలో నీలం వలయాలు వస్తాయి. బ్రోమిన్ వెలువడుతుంది కాబట్టి ఫ్యూమ్ హుడ్‌లోనే, గ్లవుజులు, కళ్లద్దాలు పెట్టుకుని చేయండి.