పొల్లగాండ్లకు కథల డబ్బా కొనేముందు

బిడ్డా,

ఫోన్ చేతికియ్యకుండ కథలు, పాటలు వినిపించే డబ్బా పిల్లలకు ఏది కొనాల్నో చెప్పుమన్నవు. రెండేండ్ల లోపు స్క్రీన్ వద్దే వద్దని, రెండు నుంచి ఐదేండ్ల దాక రోజుకు గంట దాటొద్దని ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెప్తనే ఉన్నది. నీ ఆలోచన సరైందే. దుకాణంల అందరు మొదలు అడిగేది ‘దీంట్ల ఎన్ని పాటలున్నయి?’ అని. అది కొసకు అడగాలె. మన ఇంటి గొంతులు దీంట్ల పడ్తయా, మూడేండ్లోడు ఎవర్ని పిలువకుండ నడుపుకుంటడా, ముందు ఇవి చూడు.

మీ ఆడిబిడ్డ అమెరికా నుంచి తెస్తనన్న రకం సంగతి. జర్మనీ వాళ్ల టోనీబాక్స్ మీద చిన్న బొమ్మ నిలబెడ్తె కథ మొదలైతది. బ్రిటన్ వాళ్ల యోటోల కార్డు దూరుస్తె మొదలైతది. పనితనానికి వంక పెట్టేది లేదు. బొమ్మల, కార్డుల కథ ఉండది, దాని గుర్తు మాత్రమే ఉంటది. ఆ గుర్తు పట్టుకొని డబ్బా వైఫై మీద కథను దింపుకొని లోపల దాచుకుంటది. మొదటిసారి వైఫై తప్పదు, తర్వాత లేకున్నా నడుస్తది. మన చిక్కు ఏందంటే, అమ్మే కథలు ఎక్కువ ఇంగ్లీషువే. మన గొంతు పెట్టాలంటే ఖాళీ బొమ్మలు వేరుగ కొనాలె, టోనీల ఒక్కో ఖాళీ బొమ్మకు 90 నిమిషాలే పడ్తది. ఆమె తెస్తనంటే వద్దనకు, కానీ ఖాళీవి రెండు మూడు అక్కడనే కొనుక్కరమ్మను. చార్జర్ మీద 100–240 వోల్టులు అని రాసి ఉన్నదో లేదో చూడుమను. ఉత్త 110ది మన ప్లగ్గుల పెడితే కాలిపోతది.

తెలుగింట్ల రోజు వాడకానికి మాత్రం మెమరీ కార్డు, పెన్‌డ్రైవ్ పట్టే మామూలు స్పీకరే మేలంట నేను. దానికి అయ్యే ఖర్చు తక్కువ, చెడిపోతే ఏడ్పు తక్కువ. అయితే పది డబ్బాలల్ల ఏడెనిమిది చిన్నపిల్లలకు పనికిరావు, ఏరుకోవాలె.

వరంగల్ చౌరస్తాకు పోయినా, హనుమకొండల చూసినా, వెంట రెండు పట్టుకపో: పది ఫైళ్లున్న పెన్‌డ్రైవ్, పొల్లగాన్ని. డబ్బా ఆన్ చెయ్యంగనే చాలా వాటిల్ల ఒక ఆడగొంతు ‘బ్లూటూత్ మోడ్’ అని ఇంగ్లీషుల గట్టిగ అరుస్తది. సప్పుడు ఎంత తగ్గించి పెట్టినా ఆ అరుపు తగ్గదు. పిల్లల్ని పండబెట్టే పూట ఆ ఒక్క కేక చాలు. అట్లాంటిది అక్కడనే పక్కన పెట్టు. తర్వాత బటన్లు చూడు. ఒకే బటన్‌ను ఒక్కసారి నొక్కి ఇడిస్తే తర్వాతి పాట, నొక్కిపట్టితే సప్పుడు పెరుగుడు, ఇట్లాంటిది పెద్దోళ్లకు తిప్పలు లేదు గానీ మూడేండ్లోని వేలికి అర్థం కాదు. సప్పుడు పెంచబోయి కథ దాటేస్తడు, ఏడుస్తడు, నిన్నే పిలుస్తడు. ఒక బటన్‌కు ఒకటే పని ఉండాలె. సప్పుడుకు గుండ్రంగ తిప్పే మీట ఉంటే అన్నిటికన్న మంచిది.

ఇగ అసలు పరీక్ష. నాలుగో ఫైలు నడుమ ఆపి, డబ్బా బంద్ చేసి, పది సెకండ్లు ఆగి మళ్ల ఆన్ చెయ్యి. ఆపిన కాడనే మొదలైతే బంగారం. నాలుగో ఫైలు మొదటి నుంచి వస్తే కూడ సరే. ఒకటో ఫైలుకు పోతే వద్దు, రోజూ అదే మొదటి కథ విని విని పిల్లలు డబ్బానే మర్చిపోతరు. దుకాణపోడు విసుక్కుంటే విసుక్కోనీ.

మెమరీ కార్డు గోరంత ఉంటది, నోట్ల పెట్టుకుంటే ప్రమాదం. చిన్నోని డబ్బాల కార్డు పెట్టి, దాని మూతి మీద గట్టి టేపు అతికియ్యి. ఆరేండ్ల పొల్లకు పెన్‌డ్రైవ్‌లు ఇయ్యొచ్చు: పాటలది ఒకటి, పండుకునేటప్పటి కథలది ఒకటి, రంగు దారాలు కట్టి. బయటికి పొడుగ్గ ఉండేది వద్దు, కిందపడ్డప్పుడు లోపలి సాకెట్ విరుగుతది. గోరంత పొట్టివి దొరుకుతయి, అవే తీసుకో.

ఫైళ్లు ఎక్కించుడు దగ్గర అందరు తడబడుతరు. వాట్సాప్ వాయిస్ మెసేజ్, ఫోన్ రికార్డర్ ఫైలు ఉన్నదున్నట్టు వేస్తే ఈ డబ్బాలల్ల చాలా మటుకు పలుకయి, ఎంపీ3గ మార్చాలె. కంప్యూటర్ల ఆడాసిటీ అనే సౌండ్ సాఫ్ట్‌వేర్ ఉచితంగ దొరుకుతది. దాంట్ల తెరిచి మోనో (ఒకే స్పీకర్‌కు సరిపోయే తీరు), 64 కేబీపీఎస్ (ఫైలు ఎంత చిన్నగ కావాల్నో చెప్పే లెక్క) ఎంపీ3గ తియ్యి. గంటకు 29 ఎంబీ అయితది, అంటే 8 జీబీ కార్డుల 250 గంటలు దాటి పడ్తది. కానీ నింపకు. ఇరవై, ఇరవై ఐదు ఫైళ్లు చాలు, నెలకొకసారి సగం మార్చు. చిన్నపిల్లలకు విన్నదే వినుడు ఇష్టం, రెండొందలుంటే వాళ్లకు కావల్సింది దొరుకది.

కార్డును ముందు కంప్యూటర్ల ఫ్యాట్32 అనే పద్ధతిల ఫార్మాట్ చెయ్యి, అంటే తుడిచి సాఫ్ చెయ్యి. 32 జీబీ దాటిన కార్డులు వేరే ఫార్మాట్‌ల వస్తయి, డబ్బా వాటిని గుర్తుపట్టకపోవచ్చు. ఫైళ్ల పేర్లు తెలుగుల పెట్టకు, 001, 002 అని అంకెలే పెట్టు. అంకెలు పెట్టినా వరుస తప్పుతుందని చాలామంది దుకాణపోనితోని కొట్లాడుతరు. తప్పు డబ్బాది కాదు: చాలా చౌక డబ్బాలు పేరు చూడవు, కార్డు మీదికి ఏది ముందెక్కితే అదే ముందు వాయిస్తయి. అన్నీ ఒక్కసారి గుంజి వెయ్యకుండ, ఒకటి ఎక్కినంక ఒకటి ఎక్కించు. నడుమ ఒకటి మార్చాలంటే మొత్తం తుడిచి మళ్ల ఎక్కియ్యాలె.

రికార్డు చేసేటప్పుడు ఫ్యాను, కూలరు బంద్ చెయ్యి. ఫోన్ నోటికి జానెడు దూరంల, జెర పక్కకు పెట్టు, ఎదురుంగ పెడితే ‘ప’, ‘బ’ల కాడ గాలి కొడ్తది. కథ ఆరు నుంచి ఎనిమిది నిమిషాలు దాటొద్దు. బతుకమ్మ పాటలు, పొడుపుకథలు మీ అవ్వ నోటనే రావాలె, కొనుక్కొచ్చిన పాటలల్ల ఆ పలుకుబడి ఉండది. ఒక్కొక్కరు ఒక్కో తీరు గట్టిగ మాట్లాడ్తరు గనుక అన్ని ఫైళ్లను ఆడాసిటీల ఒకే సప్పుడుకు సరిచెయ్యి, లేకుంటే మెల్లగున్న కథకు పిల్లలు మీట తిప్పి పెంచుతరు, తర్వాతిది చెవుల పడ్తది.

ఈ డబ్బాలల్ల చాలా వాటికి తమంత తాము ఆగే ఏర్పాటు ఉండది, తెల్లారేదాక తిరిగి తిరిగి మోగుతయి. పండుకునే కథల కొసకు గంటసేపు ఏ సప్పుడు లేని ఫైలు ఒకటి పెట్టు. ఆ గంటల నువ్వు పోయి బంద్ చేస్తే సరిపాయె.

సప్పుడు లెక్క: పిల్లలకు వారానికి 40 గంటలకు 75 డెసిబెల్స్ దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019ల చెప్పింది. మీటరు అక్కర్లేదు. కథ నడుస్తుండగ పక్కన కూసున్నోళ్లు మామూలు గొంతుతోని మాట్లాడితే వినపడాలె. మీట ఆ హద్దు దాటకుండ దాని అంచుకు ఎంసీల్ చుక్క పెట్టొచ్చు. హెడ్‌ఫోన్ ఇప్పుడే వద్దు.

బ్యాటరీ కాడ మోసాలెక్కువ. 18650 సెల్ (పొడుగ్గ గుండ్రంగ ఉండే చార్జింగ్ బ్యాటరీ) మీద 9800 ఎంఏహెచ్ (ఎంత చార్జి పడ్తదో చెప్పే లెక్క) అని రాసి ఉంటే అబద్ధం, మామూలుగ దొరికే మంచిదైనా 3500 చిల్లర దాటది. పాత నోకియా ఫోన్ల బీఎల్-5సీ పట్టే డబ్బా దొరికితే తీసుకో, ఆ బ్యాటరీ ఏ మొబైల్ దుకాణంల అయినా దొరుకుతది. వెనుక మూత స్క్రూతోనే బిగియ్యాలె, గోరుతోని ఊడొచ్చేది వద్దు. బటన్ సెల్ వేసే ఆటబొమ్మ రకం డబ్బాలు అసలే వద్దు, మింగితే రెండు గంటలల్లనే గొంతుల కాలుస్తది.

టైప్-సి డబ్బా కొన్నంక రెండు దిక్కుల టైప్-సి ఉన్న వైరు పెడితే చార్జి ఎక్కకపోవచ్చు. డబ్బా చెడ్డదనుకోకు, చౌకవాటిల్ల చార్జర్‌కు ‘నేనున్న’ అని చెప్పే చిన్న రెసిస్టర్ వెయ్యరు. ఒక దిక్కు పాత పెద్ద యూఎస్‌బీ ఉన్న వైరు, 5 వోల్టుల 1 ఆంప్ పాత చార్జర్ పెట్టు. చార్జింగ్ నడుస్తుంటే పిల్లల మంచం మీద ఉంచకు. ఎండకాలం కిటికీల, కారుల ఇడిచిపెట్టకు, మన మే నెల ఎండకు బ్యాటరీ ఉబ్బుతది. మూత లేచినట్టు కనపడ్డా, డబ్బా సాఫ్‌గ కూసోకున్నా బ్యాటరీ తీసి దుకాణంల ఇచ్చెయ్యి, సూదితోని పొడుసుడు, చెత్తల పడేసుడు చెయ్యకు.

ఎఫ్‌ఎం ఉంటే పొల్లకు ఆకాశవాణి వరంగల్ 103.5 చూపియ్యి. చార్జింగ్ వైరు పెట్టి వింటే గరగర వస్తది, వైరు తీసినంక వినుమను.

కొన్ననాడు బిల్లు మీద మోడల్ నంబరు రాపిచ్చుకో.

నీ పెద్దబాపు