టాంజానియాలో డాలరు ఖర్చు వేరు, షిల్లింగు ఖర్చు వేరు

హైదరాబాదు నుంచి భార్యాభర్తలిద్దరూ పది రోజుల సెలవులో టాంజానియా వెళ్లి, అక్కడి జాంజిబార్ ద్వీపపు తీరంతో పాటు వీలైతే ఒక సఫారీ కూడా చూడాలనుకుంటున్నామని, మీరు శాకాహారులని, విమాన టికెట్లు కాక లక్షన్నర రూపాయలకు మించకూడదని రాశారు. ఉద్యోగరీత్యా నేను కొంతకాలం టాంజానియాలోని పెద్ద నగరం దారెస్సలాంలో ఉన్నాను. బంధుమిత్రులు వచ్చినప్పుడల్లా వారి ప్రయాణానికి లెక్కలు వేసే పని నా మీదే పడేది కాబట్టి, ఆ అనుభవంతోనే ఈ జవాబు రాస్తున్నాను.

మీ బడ్జెట్టు సరిపోతుంది, కానీ అందులో పేరుమోసిన సఫారీ పార్కు సెరెంగెటీ పట్టదు. అక్కడ ఖర్చు రెండు ఖాతాల్లో నడుస్తుంది. అక్కడి కరెన్సీ అయిన షిల్లింగుల్లో చెల్లించే తిండి, బస్సు, రైలు, మామూలు గది వంటివి మన జిల్లా కేంద్రాల్లో అయ్యే ఖర్చుకు కాస్త అటూ ఇటూగా ఉంటాయి. విదేశీయుల కోసం డాలర్లలో నిర్ణయించిన రుసుముల సంగతి వేరు. వాటిలో బేరానికి తావు లేదు. మనిషికి వీసా 50 డాలర్లు. జాంజిబార్‌లో అడుగుపెట్టే విదేశీయులందరూ 2024 అక్టోబరు 1 నుంచి అక్కడి ప్రభుత్వ బీమా తీసుకోవడం తప్పనిసరి, అది 44 డాలర్లు. దారెస్సలాం నుంచి జాంజిబార్‌కు సుమారు రెండు గంటల్లో చేర్చే ఫెర్రీకి విదేశీయుల టికెట్టు సాధారణ తరగతిలో దాదాపు 35 డాలర్లు. వీసా, బీమా, రానుపోను ఫెర్రీ ఇద్దరికీ కలిపితే 328 డాలర్లు, అంటే ఒక్క పూట భోజనం చేయకముందే 28 వేల రూపాయలకు పైగా ఖర్చయినట్టే. ఈ రుసుములు మారుతుంటాయి కాబట్టి బయలుదేరే ముందు అధికారిక సైట్లలో ఒకసారి సరిచూసుకోండి. పొదుపు అనగానే చాలామంది భోజనం దగ్గర, గది దగ్గర చేయి బిగిస్తారు; అది కొండను తవ్వి ఎలుకను పట్టడమే. తగ్గించుకోవలసింది డాలరు ఖాతాను.

అందుకు మొదటి మార్గం విమాన టికెట్టులోనే ఉంది. దారెస్సలాంలో దిగి, జాంజిబార్ నుంచి తిరిగి వచ్చేలా టికెట్టు తీసుకుంటే ఒకవైపు ఫెర్రీ ఖర్చు 70 డాలర్లు, దానితో పాటు సగం రోజు మిగులుతాయి. ముంబయి నుంచి దారెస్సలాంకు ఎయిర్ టాంజానియా నేరుగా నడుపుతుంది. అడిస్ అబాబా, నైరోబీల మీదుగా వచ్చే టికెట్లు ఒక్కోసారి చవకగా దొరుకుతాయి గాని, అలా కొనేవారు ఎల్లో ఫీవర్ టీకా సంగతి ముందే చూసుకోవాలి. ఇథియోపియా, కెన్యా ఎల్లో ఫీవర్ ముప్పు ఉన్నవని మన ప్రభుత్వం జాబితాలో పెట్టిన దేశాలు. విమానాశ్రయం దాటకుండా విమానం మారినవారికి మినహాయింపు ఉన్నా, అది తిరిగి వచ్చాక మన విమానాశ్రయంలోని ఆరోగ్యాధికారి అంగీకారం మీద ఆధారపడుతుంది. ఆయన కాదంటే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచవచ్చు. హైదరాబాదులో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఈ టీకా వేస్తారు. వేయించుకున్న పది రోజుల తర్వాతే ధ్రువపత్రం చెల్లుబాటవుతుంది, ఆపైన జీవితాంతం పనికివస్తుంది. మలేరియా మాత్రల గురించి మీ డాక్టరును అడగండి.

రెండో మార్గం సఫారీ ఎంపిక. సెరెంగెటీలో మనిషికి 24 గంటలకు 70 డాలర్లు, దాని మీద 18 శాతం పన్ను. న్గోరోంగోరో సంరక్షిత ప్రాంతంలో మనిషికి 60 డాలర్లు కాక, లోపలి పాత అగ్నిపర్వత బిలంలోకి దిగే వాహనానికి విడిగా 250 డాలర్లు, రెండింటి మీదా మళ్లీ పన్ను. జీపు, డ్రైవరు, బస ఖర్చులు వీటికి అదనం. ఎన్నో ఏళ్ల కోరికైతే మరో రెండేళ్లు డబ్బు కూడబెట్టి దానికోసమే విడిగా వెళ్లండి, తీరం యాత్రకు దాన్ని అతికించకండి. మీ లెక్కకు సరిపోయేది మికుమి జాతీయ పార్కు. అక్కడ ప్రవేశం 30 డాలర్లు, పన్నుతో 35.4 డాలర్లు. దారెస్సలాం నుంచి ఆ దారిలోని మొరొగోరో పట్టణానికి 2024లో విద్యుత్ రైలు మొదలైంది. సాధారణ తరగతి టికెట్టు 13 వేల షిల్లింగులు, మన డబ్బులో ఐదు వందల లోపే, ప్రయాణం రెండు గంటలకు మించదు. మొరొగోరో నుంచి మికుమి ఊరికి వెళ్లే బస్సు ఆ పార్కు మధ్యగా సాగే జాతీయ రహదారి మీదే నడుస్తుంది. కిటికీ పక్కన కూర్చుంటే జిరాఫీలు, జీబ్రాలు, అదృష్టం బాగుంటే ఏనుగులు కూడా బస్సు టికెట్టు డబ్బులకే కనిపిస్తాయి. ఏ జంతువును వాహనంతో గుద్దితే ఎన్ని డాలర్ల జరిమానాయో వరసగా రాసిన బోర్డు రోడ్డు పక్కనే ఉంటుంది. మా బావగారు దాన్ని హోటల్ మెనూ చదివినట్టు పైకి చదివి బస్సంతా నవ్వించారు. రాత్రి మికుమి ఊళ్లో బస చేసి, మరునాడు తెల్లవారుజామునే జీపు మాట్లాడుకుని లోపలికి వెళ్లండి. జీపు అద్దె ఎంతమంది ఎక్కినా ఒకటే కాబట్టి, బసలో దిగిన ఇతర యాత్రికులను కలుపుకుంటే ఖర్చు సగానికి పైగా తగ్గుతుంది.

జాంజిబార్‌లో పాత నగరమైన స్టోన్ టౌన్‌కు రెండు రాత్రులు చాలు. జాంజిబార్ టాంజానియాలో భాగమే అయినా ఫెర్రీ దిగగానే పాస్‌పోర్టు, బీమా పత్రం చూస్తారు, చేతి సంచిలో ఉంచుకోండి. రేవు దగ్గర టికెట్టు ఇప్పిస్తామని వెంటపడేవారిని పట్టించుకోకుండా ఆన్‌లైన్‌లోనో కౌంటరులోనో కొనండి. ఆ తర్వాత ఉత్తరాన ఉన్న నుంగ్వీకి వెళ్లాలా, తూర్పు తీరంలోని పాజే, జంబియానీలకు వెళ్లాలా అన్నది ఆలోచించవలసిన విషయం. తూర్పున చిన్న అతిథి గృహాలు చవక, కానీ అక్కడ సముద్రం రోజుకు రెండుసార్లు వందల మీటర్లు వెనక్కి పోతుంది. ఆటు వేళ మోకాలి లోతు నీళ్లలో ఆడవాళ్లు పుల్లలు పాతి, వాటికి కట్టిన తాళ్లకు సముద్రపు నాచు ముక్కలను ముడివేస్తూ కనిపిస్తారు. చూడటానికి ఎంతో బాగుంటుంది గాని ఈత కుదరదు. ముళ్ల జీవులు ఉంటాయి కాబట్టి రబ్బరు చెప్పులు లేకుండా దిగకూడదు. ఈతే ముఖ్యమైతే ఆటుపోట్ల ప్రభావం తక్కువగా ఉండే నుంగ్వీకి కొంచెం ఎక్కువ పెట్టడమే మేలు. టాక్సీ బదులు స్టోన్ టౌన్ నుంచి 116 నంబరు డలడలా (అక్కడి మినీబస్సు) ఎక్కితే అతి తక్కువ డబ్బుతో నుంగ్వీ చేరతారు, సమయం మాత్రం చాలా పడుతుంది. గది మాట్లాడేటప్పుడు రాత్రికి ఇంతని వేసే ప్రభుత్వ పన్ను ధరలో కలిసి ఉందో లేదో అడగండి.

శాకాహారానికి భయం లేదు. దారెస్సలాంలోని కిసుటూ ప్రాంతంలో గుజరాతీ భోజనశాలలు ఉన్నాయి. ఆఫీసుల దగ్గర ఆడవాళ్లు నడిపే చిన్న తిండి కొట్లలో అన్నం, రాజ్మాలాంటి చిక్కుడు గింజల కూర, ఆకుకూర, పొరలుగా విడిపోయే చపాతీ దొరుకుతాయి. మాంసం పులుసు పోయవద్దని మాత్రం ముందే చెప్పాలి. జాంజిబార్‌లో ఉరోజో అనే పుల్లని పసుపు పులుసులో బజ్జీలు, ఉడికిన బంగాళాదుంపలు వేసి ఇస్తారు, మాంసం ముక్కలు వద్దంటే మానేస్తారు.

వెళ్లే కాలం విషయంలో మన సెలవులకూ అక్కడి వానలకూ బొత్తిగా పొంతన లేదు. మార్చి నుంచి మే దాకా అక్కడ పెద్ద వానలు, సరిగ్గా మన వేసవి సెలవులు. అప్పుడు గదులు చవకే అయినా సముద్రం, రోడ్లు రెండూ బాగుండవు. జూలై, ఆగస్టుల్లో ఐరోపా యాత్రికుల వల్ల ధరలు పెరుగుతాయి. మీకు దసరా సెలవులు అన్నిటికన్నా అనుకూలం, కుదరకపోతే జూన్ మొదటి సగం.

షిల్లింగులు అక్కడి ఏటీఎంలలో తీసుకోవడమే సులువు. డాలర్లు తీసుకెళ్తే కొత్త ముద్రణ నోట్లే తీసుకెళ్లండి, పాతవాటిని చాలాచోట్ల తిరస్కరిస్తారు. బస్సు వేళను మాత్రం రెండుసార్లు అడిగి రూఢి చేసుకోండి: అక్కడి స్వాహిలీ భాష మాట్లాడేవారు గంటలను సూర్యోదయం నుంచి లెక్కిస్తారు కాబట్టి మన ఉదయం ఏడు వారికి ఒంటిగంట. ప్లాస్టిక్ క్యారీ బ్యాగులను 2019 జూన్ నుంచి దేశంలోకి అనుమతించడం లేదు. పచ్చళ్లు, పొడులు పట్టుకెళ్తే డబ్బాల్లోనే సర్దండి.