కూచిపూడి నేర్చిన అమ్మాయి కళాసంస్థను నడపాలంటే

ప్రశ్న: మా అమ్మాయి విజయవాడలో బీకాం చివరి ఏడాది చదువుతోంది. పదేళ్లుగా కూచిపూడి నేర్చుకుంటోంది. పిల్లలకు కళలు నేర్పే స్వచ్ఛంద సంస్థలో చేరి, తర్వాత సొంతంగా ఒకటి పెడతానంటోంది. బతుకుదెరువు అవుతుందా? పీజీ ఏది చేయించాలి?

జవాబు: అవుతుందమ్మా. మొదటి రెండు మూడేళ్లు జీతం తక్కువే ఉంటుంది, దానికి సిద్ధపడండి. బీకాం మాత్రం బాగా కలిసొస్తుంది. కళాసంస్థల్లో నాట్యం తెలిసినవాళ్లకు కొదవ లేదు. ఇచ్చిన డబ్బుకు పైసాతో సహా లెక్క అప్పజెప్పగలిగేవాళ్లే దొరకరు. రేపు డైరెక్టర్ బాధ్యత అప్పగించేది అలాంటివాళ్లకే.

సొంత సంస్థ మాట ఇప్పుడే వద్దు. రిజిస్ట్రేషన్ తేలికే, 2001 నాటి సొసైటీల చట్టం కింద ఏడుగురు సభ్యులుంటే చాలు. చిక్కంతా ఆ తర్వాతే. దాతలకు పన్ను మినహాయింపు ఇవ్వాలంటే ఆదాయపు పన్ను శాఖ నుంచి 80జీ అనే గుర్తింపు కావాలి. కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టే సీఎస్ఆర్ డబ్బు అందాలంటే కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్ఆర్-1 అనే నమోదుతో పాటు అదే పనిలో కనీసం మూడేళ్ల అనుభవం చూపాలి. అందాకా ఇంట్లో డబ్బుతోనే నెట్టుకురావాలి. ఆ మూడేళ్లేవో ఇంకో సంస్థలో జీతం తీసుకుంటూ పని నేర్చుకోవడం మేలు.

ఇంటర్వ్యూలో ఒక ప్రశ్న తప్పక అడగమనండి: 'నా జీతం ఏ ప్రాజెక్టులోంచి వస్తుంది, అది ఎప్పటిదాకా?' విదేశీ విరాళాల్లో ఆఫీసు జీతాలు, అద్దెల్లాంటి పరిపాలన ఖర్చు పరిమితిని 2020లో 50 శాతం నుంచి 20కి తగ్గించారు. అందుకే చాలా ఉద్యోగాలు ప్రాజెక్టుకు ముడిపడి ఉంటాయి. గ్రాంటు ఆగితే ఉద్యోగమూ ఆగుతుంది. గడువు ముందే తెలిస్తే ఆరు నెలల ముందు నుంచే ఇంకోటి చూసుకోవచ్చు.

చేరాక మొదటి ఏడాది వోచర్లు, హాజరు పట్టీలు తనే రాయాలి. తప్పులు దొర్లేది ఇక్కడే. కార్యక్రమం అయ్యాక మృదంగం, వయొలిన్ వాళ్ల చేతిలో నగదు పెట్టి పంపేస్తారు, సంతకం మర్చిపోతారు. రూ.5,000 దాటిన రసీదుకు రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించాలి. ఒకే రోజు ఒకరికి రూ.10,000 మించి నగదు ఇస్తే ఆదాయపు పన్ను లెక్కలో ఆ ఖర్చు చెల్లదు. అంతకు మించితే బ్యాంకు ద్వారానే పంపాలి. మార్చి తర్వాత, ఇచ్చిన డబ్బు అనుకున్న పనికే ఖర్చయిందని చూపే యుటిలైజేషన్ సర్టిఫికెట్ ఇవ్వాల్సి వచ్చినప్పుడు ఈ చిన్న కాగితాల దగ్గరే ఆడిటర్ ఆగిపోతాడు, తర్వాతి విడత డబ్బూ ఆగిపోతుంది.

రెండో ఏడాది ఒక చిన్న ప్రాజెక్టు బడ్జెట్ తన చేతికి ఇమ్మని అడగాలి. మూడో ఏడాది నిధులు అడిగే ప్రతిపాదన తనే రాయాలి. ఇక్కడ కళాకారులు చేసే పొరపాటు ఒకటే, ఒక సాయంత్రం ప్రదర్శనకు సీఎస్ఆర్ డబ్బు అడగడం. కంపెనీల చట్టంలోని ఏడో షెడ్యూలులో సంప్రదాయ కళలు ఉన్నాయి, కానీ ఒక్కరోజు కార్యక్రమాన్ని, బ్యానరు మీద పేరు కోసం ఇచ్చే స్పాన్సర్‌షిప్‌ను సీఎస్ఆర్‌గా లెక్కించరు. అదే నాలుగు ప్రభుత్వ బడుల్లో ఏడాదంతా వారానికి రెండు క్లాసులు, ఇంతమంది పిల్లలు, ఒక్కొక్కరికి ఇంత ఖర్చు అని రాస్తే పరిశీలనకు నిలుస్తుంది.

పీజీకి తొందర లేదు. రెండేళ్లు పనిచేశాక వెళ్తే పాఠం బుర్రకెక్కుతుంది. అప్పుడు బెంగళూరు అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయంలో ఎంఏ డెవలప్‌మెంట్, ముంబయిలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థ (టిస్), గుజరాత్ ఆణంద్‌లోని గ్రామీణ మేనేజ్‌మెంట్ సంస్థ ఇర్మా చూడండి. మనసు నాట్యం మీదే ఉంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో నాట్యంలో పీజీ ఉంది. సాధన మాత్రం మానొద్దు. 18 నుంచి 25 ఏళ్లలోపు కళాకారులకు కేంద్ర సాంస్కృతిక శాఖ నెలకు రూ.5,000 చొప్పున రెండేళ్లు ఇచ్చే స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు చేయించండి.

ఈలోగా గురువుగారి వార్షికోత్సవం వస్తుంది కదా. హాలు అద్దె, మేకప్, నట్టువాంగం, మైకు, పిల్లల టిఫిన్లు, ఆటోలు... ఆ ఖర్చంతా ఈసారి అమ్మాయినే రాయనివ్వండి. ముందు వేసిన అంచనా ఒక వరసలో, అయిన ఖర్చు పక్క వరసలో, ప్రతి దానికీ రసీదు. మొదటి ఇంటర్వ్యూకి ఆ కాగితం పట్టుకెళ్లమనండి.